సొంతానికి కావాలట

మా వదిన టైలరు. చొక్కాలు, గౌన్లు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. అయితే మా వీధిలో ఆమె కుట్టిన బట్టల కంటే ఆమె చెప్పిన తీర్పులకే పేరెక్కువ. ఇంటివాళ్ళకీ అద్దెకున్నవాళ్ళకీ పేచీ వస్తే చాలు, పదండి టైలరమ్మ దగ్గరికి అనేవారు. గోడకు మేకు కొట్టారని ఒకరు, చుట్టాలొచ్చి తిష్ట వేస్తే ట్యాంకులో నీళ్ళు మిగలడం లేదని ఒకరు, చెప్పాపెట్టకుండా తాళం తీసి లోపలికి వచ్చాడని ఇంకొకరు. కోర్టుకెక్కేంత పెద్దవీ కావు, మింగి ఊరుకునేంత చిన్నవీ కావు. అవన్నీ మా వదిన నెత్తిన పడేవి. ఆమెకేం ఒరిగేదని అడక్కండి. కుట్టు ఆగిపోయేది, అంతే. వీధి బరువంతా నీకెందుకు వదినా అని నేను తిడుతూనే ఉండేదాన్ని. నవ్వేసేది.

ఆమెకొక పద్ధతి ఉంది. కూర్చున్నచోట తీర్పు చెప్పదు. కత్తెర పక్కన పెట్టి, పదండి చూద్దాం అని లేచేది. కళ్ళతో చూడందే నోరు విప్పేది కాదు. ఒకసారి ఒక ఇంట్లో పడకగది గోడ చెమ్మెక్కి బూజు పట్టింది. వీళ్ళు కిటికీలు మూసుకుని గదిలోనే బట్టలు ఆరేస్తున్నారని పై వాటాలో ఉండే ఇంటాయన. పైన మీ బాత్రూమే కారుతోందని కింద అద్దెకున్న మొగుడూ పెళ్ళాలు. వదిన మంచం జరిపించి గోడకు అరచెయ్యి ఆనించి చూసింది. పైకెక్కి బాత్రూంలో బకెట్లకొద్దీ నీళ్ళు పోయించింది. కిందికొచ్చి ఆ గోడకెదురుగా కుర్చీ వేసుకు కూర్చుంది. కాసేపటికి గోడ చెమర్చడం మొదలుపెట్టింది. ఇప్పుడు గదిలో బట్టలేవీ లేవు కదండీ అంది ఇంటాయనతో. మళ్ళీ ఆ మొగుడూ పెళ్ళాల్నీ వదల్లేదు, కిటికీలకు బిగించిన అట్టముక్కలు పీకించింది. ఇద్దరికీ కాస్త చురుక్కుమంటేనే తీర్పు నిలుస్తుందనేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ పద్ధతికి చిల్లు ఒకటుంది. ఇంటివాళ్ళు వచ్చి, ఇల్లు మా సొంతానికి కావాలండీ అన్నారనుకోండి, వదిన ఇంక చూడ్డానికి లేచేది కాదు. సొంతానికి అన్నప్పుడు ఖాళీ చేయాల్సిందే, వాదన లేదు అనేసేది. మా వెనక వీధిలో ఒక నర్సుండేది, చంటిపిల్లతో. ఆమె ఇంటివాళ్ళు కూడా మా అబ్బాయి కాపురానికి కావాలన్నారు. పిల్లకు కాస్త ఒళ్ళు కుదుటపడేదాకా ఆగమని నర్సు బతిమాలింది. వదిన మాట అదే మాట. నర్సు మూటాముల్లె సర్దుకుని పోయింది. నెల తిరక్కముందే ఆ ఇంట్లోకి కొత్తగా ఎవరో అద్దెకు దిగారు. కొడుకూ లేడు, కాపురమూ లేదు. నేనొచ్చి చెబితే వదిన మొహం మాడ్చుకుంది. గోడంటే చెయ్యి పెట్టి చూస్తాను గానీ వాళ్ళ మనసులో దూరి చూస్తానా అంది. ఇల్లు ఇంటివాడిదని ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను, మనదాకా రాలేదు కదా.

మనదాకానే వచ్చింది. మా వదినా అన్నయ్యా ఉండేదీ అద్దెకే. మా వాటాకు ఎదురుగా, కింది ఇల్లు. ముందు గదిలో వదిన మిషను, తర్వాత నడిమి గది, ఆ వెనక వంటిల్లు, పెరట్లో కుళాయి. ప్రెస్సులో పనిచేసే రోజుల్లోనే అన్నయ్యకు చూపు తగ్గుతూ వచ్చి, మెల్లగా పూర్తిగా పోయింది. అయినా ఆ ఇంట్లో ఉన్నంతసేపూ మా అన్నయ్యకు కళ్ళు లేవంటే ఎవరూ నమ్మేవారు కాదు. ఎడమచెయ్యి గోడకు ఆనించి ముందు గది నుంచి వంటింటిదాకా తడుముకోకుండా నడిచేవాడు. పాలు కాచేవాడు, టీ పెట్టి వదినకు మిషను దగ్గరికి తెచ్చి ఇచ్చేవాడు. పెరట్లో ఉతికిన బట్టలు తనే ఆరేసేవాడు. వీధిలోకి వస్తే మాత్రం ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాల్సిందే.

ఇంటి పెద్దాయన దేవుడు లాంటి మనిషి. మీరున్నంత కాలం ఈ ఇల్లు మీదే అనుకోండమ్మా అన్నాడు. ఊళ్ళో అందరిచేతా అద్దె కాగితాలు రాయించే మా వదిన, తన ఇంటికి మాత్రం ఒక్క ముక్క రాయించుకోలేదు. అంత మంచాయన్ని కాగితం అడిగితే మొహం మీద కొట్టినట్టు ఉండదా అనేది. పెద్దాయన పోయాడు. మాట కూడా ఆయనతోనే పోయింది.

కొడుకు వచ్చాడు. చాలా మర్యాదగా చెప్పులు బయట విడిచి వచ్చాడు లెండి. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేరు, కింది ఇల్లయితే ఆవిడను తెచ్చి పెట్టుకుంటాం, సొంతానికే కావాలి అన్నాడు. వదిన పెద్దమనుషుల్ని పిలిపించమంది. మందుల షాపాయన, రిటైరైన హెడ్మాస్టరు వచ్చి మిషను పక్కనే కూర్చున్నారు. ఇద్దరూ వదిన చేత తీర్పులు చెప్పించుకున్నవాళ్ళే. అన్నయ్య చూపు సంగతి, ఇల్లు మారితే ఆయన పడే అవస్థ, అన్నీ వదిన వివరంగా చెప్పింది. మందుల షాపాయన చూపంతా నేల మీదే. హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఇది మీరు చెప్పిన న్యాయమే కదా. సొంతానికి అన్నాక వాదన లేదని మీరే అన్నారు. మీకో న్యాయం, ఇంకొకరికో న్యాయం అయితే బాగుంటుందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అత్తగారెవరో, ఎక్కడుందో, ఒక్కసారి తీసుకొచ్చి చూపించమని అడుగు వదినా అని చెవిలో పోరాను. వదిన కదల్లేదు. ఏమని అడగను, ఆ నర్సూ ఇలాగే నిలబడింది అంది మెల్లగా. ఇంతలో నడిమి గదిలోంచి అన్నయ్య గోడ పట్టుకుని వచ్చాడు. పాపం ముసలావిడ, మోకాళ్ళ నొప్పులంటే మాటలా, ఇచ్చేద్దాంలే అన్నాడు. అక్కడితో అయిపోయింది.

ఇక ఇళ్ళ వేట. మా వీధిలోనే ఖాళీలున్నాయి. అయ్యో, మీకివ్వకపోతే ఇంకెవరికిస్తాం టైలరమ్మగారూ అనేవారు. తెల్లారేసరికి మా బంధువులకు మాటిచ్చామండీ అనేవారు. చెమ్మ గోడ ఇంటాయన భార్య ఒక్కతే నిజం చెప్పింది, అదీ నాతో. ఆవిడను తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే రోజూ మాకే తీర్పు చెబుతుందమ్మా అంది. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. తాను తీసిన గోతిలో తానే పడిందని నవ్వినవాళ్ళూ ఉన్నారు. మీ ఇంట్లో ఉంచుకోవచ్చుగా అని మీరంటారు. మేమూ అద్దెకే ఉంటున్నాం, ఒకటిన్నర గదిలో అత్తామామలతో సహా. ఎక్కడ పడుకోబెట్టను?

చివరికి ఊరికి ఆ చివర, రెండో అంతస్తులో ఒక వాటా దొరికింది. మెట్లు ఇరుకు. గదికీ గదికీ మధ్య ఎత్తు గడపలు. అన్నయ్య మొదటివారమే గడప తగిలి పడ్డాడు. తర్వాత వేడి గిన్నె మీద చెయ్యి పెట్టాడు. ఆ తర్వాత నడవడం మానేశాడు. మంచం మీద కిటికీ వైపు తిరిగి కూర్చుంటాడు. మంచినీళ్ళు కావాలన్నా వదినను పిలుస్తాడు. పిలిచినందుకు మళ్ళీ తనే నొచ్చుకుంటాడు.

అత్తగారు వస్తుందేమోనని నేను మా వాకిట్లోంచి చూస్తూనే ఉన్నాను. రాలేదు. షట్టరు వచ్చింది. ఆ ఇంటిని పార్సిళ్ళు దింపుకునేవాళ్ళకు గోడౌనుగా ఇచ్చాడు. పరుగెత్తుకెళ్ళి వదినకు చెప్పాను. ఆమె ముందు గది తలుపు దగ్గరగా వేసింది. "మీ అన్నయ్య చెవిన పడనివ్వకు. ఆ ఇల్లు ఒక ముసలావిడకు పనికొచ్చిందని ఆయనకు అదొక్కటే తృప్తి. అదీ లాగేస్తే నేను చూడలేను." ఒట్టు వేయించుకుంది కూడా.

మొన్న ఆ కొడుకు హెడ్మాస్టరును వెంటపెట్టుకుని వదిన కొత్తింటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. సిగ్గూ ఎగ్గూ లేని జన్మ. పార్సిళ్ళవాడు తనను అడక్కుండా గోడ పగలగొట్టాడట, వాడేమో నువ్వే ఒప్పుకున్నావు అంటున్నాడట. మీరొచ్చి చూసి ఒక మాట చెప్పండి, మీ మాటయితే వాడూ వింటాడు అన్నాడు. అన్నయ్యకు వినపడకుండా వదిన వాళ్ళను మెట్ల మీదే మాట్లాడించింది. పొమ్మంటుందనుకున్నాను. చెప్పులు వేసుకుంది.

వెళ్ళాం. ముందు గది నుంచి వంటింటిదాకా ఉండాల్సిన గోడ లేదు. అన్నయ్య చెయ్యి ఆనించి నడిచిన గోడంతా నేలమట్టం చేసి, ఆ మేర అట్టపెట్టెలు పేర్చారు. పార్సిళ్ళవాడు ఒకవైపు, ఇంటివాడు ఒకవైపు చెరో మాటా చెబుతున్నారు. వదిన వాళ్ళిద్దర్నీ వినడం లేదు. గోడ ఉండాల్సిన చోట నిలబడి అటూ ఇటూ చూసింది. ఎడమచెయ్యి గాల్లోకి చాచి దించేసుకోవడం నేను చూశాను. హెడ్మాస్టరు కూడా చూశాడు, చూసి బయటికి తిరిగాడు.

"తీర్పు నాదెందుకు బాబూ?" అంది ఇంటివాడితో. "లోపల మీ అత్తగారున్నారుగా. ఆవిణ్ణి అడుగు."

మేం వచ్చేశాం. బస్సులో దారి పొడవునా వదిన కిటికీలోంచి బయటికే చూసింది. నేను మాత్రం హెడ్మాస్టరునూ, ఆ ఇంటివాడినీ, మొత్తం వీధినీ పేరుపేరునా తిట్టాను.

ఇంటికి రాగానే అన్నయ్య తల ఎత్తాడు. మెట్ల మీద ఇంటివాడి గొంతు గుర్తుపట్టాడట. మన పాత ఇంటికి వెళ్ళొచ్చారా, ఎలా ఉంది అని అడిగాడు. వదిన కొంగుతో మొహం తుడుచుకుని, అలాగే ఉంది, ఏమీ మారలేదు అంది. జన్మలో చూసినదానికి విరుద్ధంగా ఒక్క మాట చెప్పని మనిషి.

"పోనీలే," అన్నాడు అన్నయ్య. "ఆ ముసలావిడ జాగ్రత్తగానే చూసుకుంటోందన్నమాట."