మూడుసార్లు మొదటి పాఠం

కలిసి పనిచేద్దాం అనే మాట వింటే ఈ మధ్య నాకు ఒళ్లు మండుతోంది. మీటింగ్‌లో ఎవరైనా ఆ మాట అన్నారంటే చాలు, అంతవరకూ సవ్యంగా నడుస్తున్న పని ఏదో ఆగిపోబోతోందని అర్థమైపోతుంది. ఇలా మాట్లాడితే మా స్టాఫ్ రూమ్‌లో నాకు నోటి దురుసు అంటారు. అననీ. ఆ దురుసు నాకు పుట్టుకతో వచ్చింది కాదు.

నేను సికింద్రాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. విద్యార్థుల సేవా విభాగం కూడా నేనే చూస్తాను. ఎవరూ తీసుకోనన్నారు కాబట్టి ఆ బాధ్యత నా నెత్తిన పడింది, పడ్డాక నాకు నచ్చింది. మా పిల్లలు బోయిగూడలో ఒక బస్తీ కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు ట్యూషన్ చెప్పేవారు. పెద్ద ఆర్భాటమేమీ లేదు. ఒక బోర్డు, కింద పరుచుకునే పట్టాలు, కరెంటు పోతే అందరి ఫోన్ల లైట్లు.

అక్కడికి వచ్చే పిల్లల్లో ఒకమ్మాయి పదో తరగతి. తెలుగు, సోషల్ గడగడా అప్పజెప్పేది గానీ లెక్కలంటే ముడుచుకుపోయేది. వాళ్లమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఒకరోజు హాలు మెట్ల దగ్గర నన్ను ఆపి సంగతి సూటిగా చెప్పేసింది.

"పాసైతె ఇంటర్ల ఏస్తం మేడం. లేకుంటె వాళ్ల మేనత్త చేసే చీరల దుకాణంల పెడతం. ఇంట్ల ఊకె కూసోబెట్టలేం గద."

ఆమె బెదిరించడానికి అనలేదు. ఆ ఇంటికి ఉన్న దారులు అవే, అంతకుమించి దాచిపెట్టుకున్న మూడో దారేమీ లేదు. ఇది విన్న మా బీఎస్సీ మ్యాథ్స్ విద్యార్థిని ఒకతె, లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేది, ఆ పిల్ల లెక్కల సంగతి నేను చూసుకుంటానంది. రోజూ పక్కన కూర్చోబెట్టుకుని, విసుక్కోకుండా, తప్పు చేస్తే నవ్వించి మళ్లీ చేయించేది. దసరా సెలవులకల్లా ఇద్దరూ బహుపదులు దాటి వర్గ సమీకరణాల్లోకి వచ్చారు. ఆ పిల్ల చెయ్యెత్తి నేను చేస్తా అనడం కూడా నేర్చుకుంది.

అప్పుడే పైనుంచి ఆదేశం వచ్చింది. నగరంలోని విశ్వవిద్యాలయాల, మాలాంటి వాటి అనుబంధ కాలేజీల సేవా విభాగాలు ఎవరికి వారుగా కాకుండా చేతులు కలపాలట. నిజం చెప్పాలంటే అందరికంటే సంబరపడింది నేనే. మాకు పక్కనే, సీతాఫల్‌మండిలో, ఇంకో యూనివర్సిటీ పిల్లలు వైద్య శిబిరాలు నడిపేవారు. ఊరి చివర ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీకి సొంత బస్సులున్నాయి. ముగ్గురం కలిస్తే ఆ బస్తీకి ఏం తక్కువ అనుకున్నాను. మా స్టాఫ్ రూమ్‌లోనే తొలి సమావేశం పెట్టి, సమోసాలు, టీ తెప్పించాను. పిల్లలైతే పది నిమిషాల్లో కలిసిపోయారు. ఒకరి పాఠాలు ఒకరు అడిగి తీసుకున్నారు, గ్రూపు పెట్టుకున్నారు. వాళ్లను అలా వదిలేసి ఉంటే ఈ కథ నేను రాయాల్సిన పని ఉండేది కాదు.

చిక్కంతా మా పెద్దవాళ్లతోనే వచ్చింది. మా విభాగాల్లో ఒక ఆచారం ఉంది. ప్రతి విభాగం ఒక బస్తీని దత్తత తీసుకుంటుంది, ఏడాది చివర ఆ బస్తీ పేరుతోనే నివేదిక పంపుతుంది. మరి ఒకే బస్తీని ముగ్గురు దత్తత తీసుకుంటే అది ఎవరిది? దీని మీద రెండు సమావేశాలు నడిచాయి. చివరికి ఆస్తి పంచుకున్నట్టు వారాన్ని పంచుకున్నారు. మొదటి రెండు రోజులు మావి, తర్వాతి రెండు సీతాఫల్‌మండి వాళ్లవి, మిగిలినవి ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లవి. ఎవరి రోజున వాళ్ల బ్యానరు.

అంతటితో ఆగినా బాగుండేది. మా నివేదికల్లో ప్రారంభించిన కార్యక్రమం రాయడానికి చోటుంటుంది గానీ, ఎవరో మొదలుపెట్టినదాన్ని కొనసాగించామని రాయడానికి చోటుండదు. అందుకని ప్రతి జట్టూ తన తరగతిని తానే ప్రారంభించింది. దీపం వెలిగించి, అతిథిని పిలిచి, ఫొటోలు దిగి, పుస్తకం మొదటి పేజీ తెరిచారు. లెక్కల పుస్తకంలో మొదటి పాఠం వాస్తవ సంఖ్యలు. రెండో యూనివర్సిటీ వాళ్లు దాన్ని మొదలుపెట్టారు. వారం తిరక్కుండా మూడో యూనివర్సిటీ వాళ్లు కూడా దాన్నే మొదలుపెట్టారు. సెమిస్టరు మారి కొత్త బ్యాచ్ వాలంటీర్లు వచ్చేసరికి వాళ్లు మళ్లీ అక్కడినుంచే.

ఆ అమ్మాయి నాతో ఫిర్యాదుగా కూడా చెప్పలేదు. "మల్ల వాస్తవ సంఖ్యలే షురూ చేసిండ్రు మేడం. మాకు అయిపోయింది సార్ అంటె, మల్లొక్కసారి ఇంటె మంచిదే గద అన్నరు. కొత్తోళ్లు గద, వాళ్లకు తెల్వది."

వాళ్లకు తెలియకపోతే చెప్పడానికి నేనున్నాను గదా అని తర్వాతి సమావేశంలో లేచాను. మా లాలాగూడ అమ్మాయిని అన్ని రోజులూ రానివ్వండి, పదో తరగతి వాళ్లకు తనే చెబుతుంది, మీవాళ్లు చిన్నపిల్లలకు చెప్పండి అన్నాను. ప్రైవేటు యూనివర్సిటీ నుంచి వచ్చినాయన చాలా మర్యాదగా, మీ వాలంటీరు మా రోజున వస్తే మా హాజరు ఎలా చూపించుకోవాలి మేడం అని అడిగాడు. సీతాఫల్‌మండి నుంచి వచ్చినాయన, మీరు ఆ బస్తీ మీద మరీ సొంతదారులా ఫీలవుతున్నారు అన్నాడు. మా ప్రిన్సిపాల్ నన్ను పక్కకు పిలిచి, ఇన్నాళ్లకు కుదిరిన సమన్వయాన్ని చెడగొట్టొద్దని హెచ్చరించారు. అప్పటికే లాలాగూడ అమ్మాయికి సర్టిఫికెట్‌కు కావాల్సిన సేవా గంటలు పూర్తయ్యాయి కాబట్టి ఇక మిగతావాళ్లకు అవకాశం ఇవ్వాలని మా కాలేజీ నుంచే ఉత్తర్వు వచ్చింది. లాలాగూడ అమ్మాయి నా గదిలో కూర్చుని ఏడ్చింది.

ఆదివారాలు చర్చి అయ్యాక లెక్కలు చెప్పడానికి నేనే ఆ పదో తరగతి అమ్మాయి ఇంటికి వెళ్లేదాన్ని. కుట్టుమిషను పక్కకు జరిపి అక్కడే కూర్చునేవాళ్లం. త్రికోణమితి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల కళ్లలో పాత భయమే కనిపించింది. అర్థమైందా అంటే అయ్యింది మేడం అనేది, నన్ను నొప్పించకూడదని. పరీక్షలు దగ్గరికొచ్చేశాయి.

అన్నిట్లో పాసై లెక్కల్లో పోయింది. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, టీ ఇచ్చింది. సప్లిమెంటరీ రాయించండి, నేను చెబుతాను అని బతిమాలాను. ఆమె దారం తెంపుతూ, ఆల్రెడీ దుకాణంల మాటిచ్చినం మేడం, నడిమిట్ల సెలవంటె రానియ్యరు అంది. నాకు ఆ ముగ్గురు పెద్దమనుషుల్నీ తీసుకొచ్చి ఆ గుమ్మంలో నిలబెట్టాలనిపించింది.

వర్షాకాలంలో మా ఉమ్మడి కార్యక్రమానికి అవార్డు వచ్చింది. విశ్వవిద్యాలయాల మధ్య సమన్వయానికి ఆదర్శమట. పెద్ద ఆడిటోరియంలో సభ. బస్తీ తరఫున ఒకరు మాట్లాడితే బాగుంటుందని ఎవరో అంటే, నాకు చెప్పకుండానే ఆ అమ్మాయిని పిలిపించారు. ఒక పూట పర్మిషన్ అడిగి, దుకాణం వాళ్లిచ్చిన చీరలోనే వచ్చింది. ఆ చీరలో ఎంతో పెద్దదానిలా కనిపించింది. స్టేజీ పక్కన నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఫెయిలైన అని చెప్పాల్నా మేడం, వద్దా?"

పక్కనే ఉన్న ప్రైవేటు యూనివర్సిటీ ఆయన విని, అవన్నీ ఎందుకమ్మా, బాగా చెప్పారని రెండు ముక్కలు మాట్లాడు చాలు అన్నాడు. ఆ పిల్ల ఆయన వైపు చూడలేదు, నా వైపే చూస్తోంది. జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను.

మైకు ముందు నిలబడి, మూడు యూనివర్సిటీల వాళ్లు మాకు లెక్కలు చెప్పిండ్రు అంది. వెంటనే హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లలో, నేను లెక్కల్ల ఫెయిలైన అన్న మాట స్టేజీ పక్కనే ఉన్న నాకు కూడా సరిగ్గా వినపడలేదు. చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా నిలబడింది. ఆగాక, ఇప్పుడు చీరల దుకాణంల పనిచేస్తున్న అని చెప్పింది.

బస్తీ పిల్లకు ఉద్యోగం దొరికిందనుకున్నారు. ఈసారి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.