పిలిచే పేరు

అనంతపురంలో మా కంటి ఆసుపత్రికి పొద్దున్నే కళ్యాణదుర్గం బస్సు దిగినవాళ్ళంతా ఒక్కసారే వచ్చిపడతారు. కొత్త మనిషి పేరు ఎక్కించాలంటే కంప్యూటరు నత్తనడక నడిచేది. జనం తిట్లు కౌంటరులో కూర్చునే అక్కకు, అక్క తిట్లు నాకు. డేటాబేసు చూసుకునేది నేనే మరి.

కారణం తెలుసు. వెతకడం తొందరగా అవుతుందని ఎవరికి తోచినట్టు వాళ్ళు ఇండెక్సులు పెట్టిపోయారు. పుస్తకం వెనక ఉండే పదాల పట్టికలాంటివి అవి. కొత్త పేరు రాసినప్పుడల్లా వాటన్నిటిలోనూ రాయాలి. ఏది ఎంత పనికొస్తోందో తీసి చూశాను. అసలు ఎవరూ ముట్టనివాటిని మొహమాటం లేకుండా పీకేశాను. ఒక్కటి మాత్రం ఎప్పుడో ఓసారి కదులుతోంది. 'ఊర్లో పిలిచే పేరు' అనే గడి మీద పెట్టింది అది.

"దీన్ని ఎవరు వాడతారక్కా? తీసేస్తాండా," అన్నాను.

"ఉండు తల్లీ, ముందు ఈ యవ్వను చూడు."

అవ్వ సంచి బస్సులో పోయింది. చీటీ, ఆధార్ కార్డు అందులోనే. కంట్లో వేసుకునే చుక్కలు అయిపోయాయి. ఏ మందో తెలియదు, మానితే ఉన్న చూపూ పోతుందని డాక్టరు చెప్పింది మాత్రం గుర్తుంది. కాగితాల్లోని పేరు కొడితే అదే పేరున్న ఆమె ఊరివాళ్ళే తెర నిండా వచ్చారు.

"అది మా జేజి పేరు, మా నాయన వాళ్ళమ్మది. అత్త పేరు పెట్టి మా యమ్మ నన్ను ఎట్ల పిలుస్తాది, ఎట్ల తిడతాది? వేరే పేరుతోనే పిలిచేది," అని ఆ పేరు చెప్పింది అవ్వ.

అక్క దాన్ని కొట్టగానే మందు పేరుతో సహా అవ్వ వివరాలన్నీ వచ్చేశాయి. నా ప్రాణం లేచొచ్చింది. ఇంకొంచెం ముందే పీకేసి ఉంటే కంప్యూటరు అందరి వివరాలూ ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయేది, అవ్వ ఎంతసేపు కూర్చోవాల్సి వచ్చేదో.

"నీకూ జేజి పేరేనా?" అవ్వ నన్ను అడిగింది.

"అవునవ్వా."

"మీ యమ్మ ఏమని పిలుస్తాది?"

చెప్పాను. అమ్మ పోయాక నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. నేను దాన్ని నోటితో అనడం కూడా అదే మొదలు.

ఆ ఇండెక్సు జోలికి మళ్ళీ పోలేదు. మందు తీసుకుని పోతూ పోతూ అవ్వ గుమ్మం దగ్గర ఆగి, అందరి ముందూ ఆ పేరుతోనే నన్ను గట్టిగా పిలిచింది. "పోయొస్తానే, బస్సుకు టైమాయ!"

"ఆఁ, వస్తాండామ్మా," అన్నాను, మా అమ్మ పిలిస్తే పలికినట్టే. పోయేది ఆమె అయితే, వస్తానన్నది నేను. అక్క నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.