గ్లాసు నీళ్లలో టమాటా కాడ

మొన్న మదనపల్లెలో రైతుల మీటింగుకు వచ్చిన వ్యవసాయాధికారి, చిన్న వయసు పిల్ల, ఎవరిదో కొడవలి అడిగి తీసుకుని, వాడిపోయిన టమాటా కాడను కోసి గాజుగ్లాసు నీళ్లలో వేలాడదీస్తే, కోసినచోటు నుంచి తెల్లటి దారంలాగా ఏదో కిందికి జారింది. అందరూ ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. ఆ తెలుపంతా కంటికి కనిపించని క్రిములేనట. మన్నులో మంచివీ చెడ్డవీ కోట్లకొద్దీ కలిసి బతుకుతాయట. ఏటేటా అదే పైరు పెడితే దానికి పట్టే చెడ్డవి బలిసి, వేర్లలో దూరి, పచ్చగా ఉన్న మొక్కను ఉన్నపళాన కూల్చేస్తాయట. ఆ కొడవలి కింద పెట్టమ్మా అనాలనిపించింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో అన్నదమ్ములిద్దరికీ బావి ఒకటే, నీళ్లు వంతుల మీద పారేవి. నిమ్మనపల్లె దగ్గర మా నాయన తమ్ముడు, చిన్నాయన మడి పైన, మాది కింద. ధర బాగుందని మా నాయన టమాటా తీసి మళ్లీ టమాటానే నాటేవాడు. రాగి, అలసంద మార్చి మార్చి వేసే చిన్నాయనను పిరికివాడని ఎగతాళి చేసేవాడు. ఒక ఏడు కాయ రంగు తిరిగే వేళకు మా తోట పచ్చగా ఉండగానే తలలు వాల్చేసింది. ముందురోజే చిన్నాయన గట్టు మీద గడ్డిమందు కొట్టి, డబ్బా మా మడికి పారే కాలువలో కడిగి ఉన్నాడు. ఆయన రాగి మాత్రం కంకులు వేసి నిలబడి ఉంది. మా నాయనకు ఇంకేం సాక్ష్యం కావాలి?

"నీ పైరు బాగానే ఉండాది, నాదే యాల సచ్చిందిరా?" అన్నాడు. చిన్నాయన ఒట్టు వేయడానికి కుడిచెయ్యి ముందుకు చాపాడు, మా నాయన కొడవలి ఆ చేతి మీదే పడింది. అంతటితో ఆగలేదు, కిందపడినవాణ్ణి ఎముక బయటపడేదాకా నరికాడు, అడ్డం వచ్చిన పిన్నమ్మను జుట్టు పట్టి గట్టు మీదికి విసిరికొట్టాడు. నెత్తురు కాలువలో కలిసి మా మళ్లలోకే పారింది. నా ఓణీ చించి కట్టిన కట్టు క్షణంలో తడిసి ముద్దయింది. మిషన్ ఆస్పత్రిలో ఆ చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. మా నాయన జైలుకు పోయి వచ్చి, తమ్ముడు విషం పెట్టాడనే నమ్ముతూ కన్నుమూశాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

మీటింగు అయ్యాక, గడ్డిమందు కలిసిన నీళ్లు పారినా ఇట్లాగే వాలుతుందా అని ఆ పిల్లను అడిగాను. గడ్డిమందయితే ఆకు పసుపెక్కి మాడుతుంది గానీ ఇట్లా పచ్చగా వాలదంది. అక్కడి నుంచే వాడిన మొక్క ఒకటి తీసుకుని చిన్నాయన ఇంటికి పోయి, ఆయన ఎదుట కోసి గ్లాసులో ఉంచాను. ఎడమచేత్తో గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి, చాలాసేపు చూశాడు.

"మా అన్న ఉండంగా ఇది సూపించింటే బాగుండునమ్మా," అన్నాడు.

ఇప్పుడు ఆ బావి పూడిపోయింది, ఎవరి బోరు వాళ్లది, వంతులూ లేవు, వంతుల కోసం ఒకరినొకరు పిలుచుకోవడమూ లేదు. తెగులును మాత్రం పిల్లలు కూడా గుర్తుపడుతున్నారు. గుర్తుపట్టడానికి కావలసింది గ్లాసెడు నీళ్లే. ఆరోజు మా బావి నిండా నీళ్లున్నాయి.