ఏడో నంబరు నీళ్ళు

నేను రిటైర్ కావడానికి ఏడేళ్ళ ముందు, ఒక మార్చి నెలలో, థీసిస్ పని మీద నూజివీడులో గది అద్దెకు తీసుకున్నాను. అప్పటికి కాలుష్య నియంత్రణ విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుని. స్టడీ లీవు మీద విజయవాడలో పర్యావరణ ఇంజనీరింగు ఎం.టెక్. చదువుతున్నాను. యాభై మూడేళ్ళ మనిషి క్లాసులో కూర్చుంటే పక్కవాళ్ళు మొదటి వారం ఆంటీ అన్నారు, రెండో వారం నుంచి ఏమీ అనడం మానేశారు. నా గైడు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. ఆయన నన్ను మేడం అనేవారు, నేనాయన్ని సార్ అనేదాన్ని. ఆ డిగ్రీ ఆ ఏడాదే చేతికొస్తే పదోన్నతి జాబితాలో నా పేరుంటుంది. రాకపోతే అదే కుర్చీలో రిటైర్ అవ్వాలి.

నా అంశం, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వదిలే కడుగునీళ్ళు చుట్టుపక్కల భూగర్భజలాన్ని ఏం చేస్తాయన్నది. తోటల మధ్యనున్న ఒక ఫ్యాక్టరీ చుట్టూ పది బోర్లు ఎంచుకుని, నంబర్లు వేసి, పదిహేను రోజులకోసారి ఐస్‌బాక్సుతో ఆటోలో తిరిగేదాన్ని. పద్ధతి ఖచ్చితంగా ఉంటుంది. గొట్టంలో నిలవున్న నీళ్ళు పోయేదాకా ఐదు నిమిషాలు పంపు కొట్టాలి. సీసాని అవే నీళ్ళతో మూడుసార్లు తొలిచి, నింపి, అక్కడికక్కడే చీటీ అంటించాలి. ఇదంతా శాంపిల్ తీసేవాళ్ళు స్వయంగా చెయ్యాలి.

ఏడో నంబరు, ఫ్యాక్టరీ కాలువకి పల్లంలో ఉన్న కూలీల ఇళ్ళ ముందు చేతిపంపు. పదింటిలోనూ అసలైంది అదే. ఆ పంపు పక్కింట్లో నాగమణి ఉండేది. తోటల్లో కోతలకి వెళ్ళి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేది. నేను వెళ్ళే వేళకి పచ్చిమామిడి ముక్కలకి ఉప్పూకారం అద్ది పెట్టేది. ఏం తిన్నానో, ఎందుకు చిక్కానో అడిగేది. మా ఆయన పోయి అప్పటికి మూడేళ్ళు, పిల్లలు లేరు. మా ఇంటి ఓనరు మామిడి వ్యాపారి. సీజన్లో ఆ ఇంట్లో ఎవరికీ ఊపిరి సలపదు, మెట్ల మీద ఎదురైతే బాగున్నారా అండీ అనడం వరకే. నాతో కూర్చుని మాట్లాడిన మనిషి నాగమణి ఒక్కతే.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆమే అంది, పంపు కొట్టుకుంటూ ఎండలో నిలబడ్డమెందుకు, సీసా ఇచ్చి వెళ్తే నింపి ఉంచుతానని. పద్ధతంతా నేర్పి ఇచ్చాను. అలా మిగిలే పావుగంట ఆమెతో కూర్చోవచ్చని నాకు ఆశ. ఆ పావుగంట కోసం రెండు వారాలు రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం.

జూలై చివర్లో కాలేజీ ల్యాబులో ఫలితాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, ఏడో నంబరు నీళ్ళు కొబ్బరినీళ్ళంత శుభ్రంగా ఉన్నాయి. ముందు సంతోషించాను. తర్వాత నాలుగో నంబరు పక్కన పెట్టి చూశాను. అది ఎగువన, తోటలోని మోటారు బోరు. క్లోరైడు, కాఠిన్యం, అన్నీ నాలుగో విడత నుంచి ప్రతిసారీ రెండింటికీ ఒకటే. అంత దూరంలో ఉన్న రెండు బోర్లు అలా కలవవు.

మర్నాడే వెళ్ళి అడిగాను. నాగమణి ఏమీ దాచలేదు.

"ఆ పంపు నీళ్ళు మీకెలా ఇస్తానండీ? కోతల కాలంలో కుళ్ళు వాసనొస్తాయి. మేమే అంట్లకి తప్ప వాడం. అంత దూరం నుంచి మాకోసం వస్తన్నారు, మీ చేతిలో అలాంటి నీళ్ళు పెడతానా? బిందేసుకెళ్ళి తోటలో బోరు నుంచి తెచ్చానండీ."

ఆ ఎండలో, ఆ బిందెతో, ఆరుసార్లు.

గైడుకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఏడో నంబరు తీసేసి తొమ్మిదింటితో రాసెయ్యమన్నారు. నియమాల ప్రకారం తప్పు కాదు. కానీ ఆ తొమ్మిదీ కాలువకి ఎగువనో, దూరంగానో ఉన్నవే. వాటితో రాస్తే ఫ్యాక్టరీ వల్ల నష్టమేమీ లేదని తేలుతుంది, కింద సంతకం నాది ఉంటుంది. ఇంకో సీజన్ చేస్తానన్నాను. మా విభాగం వాళ్ళు లీవు పొడిగించలేదు. ఉద్యోగంలో చేరి, మరుసటేడు సెలవు రోజుల్లో విజయవాడ నుంచి తిరిగాను. జాబితా ఈలోగా వచ్చేసింది, నా జూనియర్లు ముగ్గురు పైకెళ్ళారు.

ఆ ఏడు ఏడో నంబరు నేనే కొట్టాను, నేనే నింపాను. మేలో నీళ్ళు పసుపు తిరిగాయి, వాసన వచ్చింది. కాగితం మీద కూడా అదే వచ్చింది. నాగమణి మొదటిసారి గుమ్మంలో నిలబడి చూసింది. "నా మీద నమ్మకం లేదాండీ?" అంది. పద్ధతి గురించి చెప్పాను. తలూపింది. ఆ తర్వాత నేను వెళ్ళే వేళకి తలుపు గొళ్ళెం పెట్టి ఉండేది. అన్నం తోటకే పట్టుకెళ్తోందని పక్కింటివాళ్ళు చెప్పారు.

థీసిస్ ఒప్పుకున్నారు, డిగ్రీ వచ్చింది. చేరిన హోదాలోనే రిటైరయ్యాను. ఈ కోర్సు చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. శాంపిల్ సీసా ఇంకొకరి చేతికివ్వకండి. మీరంటే అభిమానం ఉన్నవాళ్ళకి అసలే ఇవ్వకండి.