ఆ పదిమందిలో

“పదిమందీ ఏమనుకుంటారండీ?” అని ఎవరైనా అంటే చాలు, మా పంతులమ్మగారు కొంగు నడుముకు దోపుకునేవారు. ఇక ఏదో జరగబోతోందని మాకు తెలిసిపోయేది!

ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లొచ్చే కాలువగట్టున ఉండేది మా క్రైస్తవ గుడి. ప్రభువు బల్ల ఆరాధనలో అందరూ పంచుకు తాగే ద్రాక్షరసం గిన్నె ఒక్కటే. పెద్దకులాల నుంచి వచ్చినవాళ్లు ముందు తాగాలి, ఊరి బయట పేటవాళ్లు చివర. మొదటి చోటు పంతులమ్మగారిది.

ఆ ఆదివారం, కొత్తగా బాప్తిస్మం పొందిన పేట కూలీ మనిషి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పంతులమ్మగారు గబగబా వెళ్లి, ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి తన ముందు నిలబెట్టారు.

గుడంతా గుసగుసలు. సంఘపెద్ద పరుగున వచ్చారు.

“అమ్మగారూ, దాని ఎంగిలి మీరు తాగుతారా? పదిమందీ ఏమనుకుంటారండీ?”

కొంగు నడుముకెక్కింది.

“ఆ పదిమందిలో ప్రభువున్నాడేంటండీ? రండి, ముందు ఆయన్ని అడుగుదాం.”

పెద్దాయన పక్కకు జరిగారు. కూలీ మనిషి తాగింది. పంతులమ్మగారు తాగారు. ఆవిడ వెనక నేను! ఒక్క గుక్క తాగి, గిన్నె అందిద్దామని వెనక్కి తిరిగాను.

సంఘపెద్ద చేతులు చాచి నిలబడి ఉన్నారు, కండువా నడుముకు బిగించి!