వలలోకి దిగిన విమానం

సభలో వక్త మైకు పట్టుకుని ఊగిపోతున్నాడు. "దెబ్బతిన్న విమానాన్ని ఓడ మీదికి దింపి, వెనక సీట్లోని మిత్రుణ్ణి కాపాడిన వీరుడీయన! ఆ రోజు ఒక్క ప్రాణం కూడా పోనివ్వలేదు!"

వేదిక మీది రిటైర్డ్ కమాండర్‌కి ఒళ్ళు మండిపోయింది. నౌకాదళంలో జీవితమంతా విమానాలు నడిపిన మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది. నీళ్ళ గ్లాసు తీసి నేలకేసి కొట్టాడు.

"ఒకడు పోయాడయ్యా! నేనే చంపాను. కూర్చో!"

సభ బిక్కచచ్చిపోయింది. ముందు వరసలో ఒక నడివయసు నర్సు తలెత్తి చూసింది. పోయినవాడి కూతురు ఆమే.

యుద్ధంలో శత్రువుల రేవు మీద బాంబులు వేసి వస్తుంటే, కింద నుంచి తుపాకి గుళ్ళు విమానం పొట్ట చీల్చేశాయి. వెనక సీటువాడికి తొడ మాంసం ఊడిపోయింది. వరస లేకపోయినా ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవాళ్ళు. "బావా, నిద్రపోయావో చంపేస్తా!" అని ఈయన దారంతా అరుస్తూనే ఉన్నాడు. మొదట బూతులు తిరిగొచ్చాయి. తర్వాత అవీ రాలేదు.

ఓడ మీద దిగే విమానం తోక కింది కొక్కెంతో డెక్కు మీది తీగను పట్టుకుని ఆగాలి. తీగ తప్పితే సముద్రమే గతి. అందుకే చక్రాలు తగలగానే ఇంజనుకి పూర్తి బలం ఇస్తారు, తప్పినా మళ్ళీ పైకి లేవచ్చని. ఆ రోజు కొక్కెం గుండు తగిలి ఊడిపోయింది. నీళ్ళలోకి దూకెయ్యమని ఓడ నుంచి రేడియోలో చెప్పారు. స్పృహ లేనివాడు ఈదుతాడా? "డెక్కుకి అడ్డంగా వల కట్టండి, వస్తున్నా!" అన్నాడు ఈయన. వలలోకి దిగేటప్పుడు మాత్రం ఇంజను ఆపెయ్యాలి. తెలియక కాదు. చక్రాలు తగిలాయి, ఏళ్ళ అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి ఇంజను బలం పెంచే థ్రాటిల్‌ని ముందుకి తోసేసింది.

వల చిరిగిపోయింది. విమానం గిర్రున తిరిగి, నీళ్ళ గొట్టం పట్టుకుని పరిగెత్తుకొచ్చిన డెక్కు మనిషిని ఇనుప గోడకేసి నలిపేసింది. బావని మంటల్లోంచి ఈడ్చి అవతల పడేసి, ఈయన వెనక్కి పరిగెత్తాడు. చేతుల తోలు ఊడిపోతున్నా ఇనుము ఎత్తి లాగాడు. ఆ మనిషి నెత్తురు కక్కుకుని ఈయన ఒళ్ళోనే పోయాడు. బావ బతికాడు. విచారణలో పెద్దలు తప్పేమీ లేదని తేల్చేశారు. తేల్చరా మరి, యుద్ధం గెలిచారాయె!

కట్లు విప్పగానే ఈయన పోయినవాడి ఇంటికెళ్ళాడు. భార్య తలుపు తీసి, ఎవరో తెలియగానే చెప్పు తీసుకుని మొహం వాచేలా కొట్టింది. "నా కొంప ముంచావు కదరా!" అంది. కదలకుండా దెబ్బలు తిన్నాడు. మరుసటేడు అదే రోజున మళ్ళీ వెళ్ళాడు. ఆ తర్వాత ఒక్క ఏడూ తప్పలేదు. ఆమెకి కొట్టే ఓపిక తగ్గింది గాని తిట్టే ఓపిక తగ్గలేదు. కూతురు తలుపు చాటున నిలబడి ఇదంతా చూస్తూ పెరిగింది.

ఈ ఏడు వెళ్ళేసరికి ఆ ఇల్లాలు కాలం చేసింది. కూతురు తలుపు తీసింది. "నువ్వైనా తిట్టమ్మా" అన్నాడు. ఆమెకి నోరు పెగల్లేదు. ఆ రోజు నుంచి ఈయనకి అన్నం సయించడం లేదు. తిట్టేవాళ్ళు లేకపోతే చచ్చినవాణ్ణి లోకం మరిచిపోయినట్టే కదా అని ఒకటే బెంగ. ఈ సన్మానాన్ని కూడా మొదట ఛీ పొమ్మన్నాడు. పదిమందిలోనైనా ఆమె నోరు విప్పుతుందేమోనని, ఆమెను పిలిస్తేనే వస్తానని ఒప్పుకున్నాడు.

ఇప్పుడామె విసవిసా వేదికెక్కింది. ఈయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కానీ తల్లీ. మీ అమ్మలాగే తిట్టు."

ఆమె రెండు పిడికిళ్ళతో ఆయన ఛాతీ మీద దబదబా గుద్దింది. పతకాలు గలగలమన్నాయి. ఆపబోయిన వాళ్ళ మీద ఈయన కళ్ళెర్ర చేశాడు. గుద్ది గుద్ది ఆమె అక్కడే కూలబడింది.

"నావల్ల కావట్లేదు బాబాయ్" అంది. ఆమె వరస కలపడం అదే మొదటిసారి. "వచ్చే ఏడూ రండి. ఈలోగా తిట్టడం నేర్చుకుంటాను."

"వస్తానమ్మా, తప్పకుండా వస్తాను" అంటూ ముసలాయన అందరి ముందూ భోరున ఏడ్చేశాడు.