అత్తమ్మ అరచెయ్యి

దయ్యాన్ని చూశామని ఎవరైనా అంటే "చెప్పులు వేసుకుందా, లేదా?" అని అడిగి ఏడిపించే రకం నేను. ఇప్పటికీ నమ్మను. కానీ నా చేత్తో నేను గీసిన పన్నెండు బొమ్మల సంగతి మాత్రం నా బుర్రకు అందడం లేదు.

మాది తాండూరు. మా నాన్న అక్క, అంటే మా మేనత్త, మాతోనే ఉండేది. వయసులో ఉన్నప్పుడు నాపరాళ్ల పాలిష్ పనిలో రాతి పెచ్చు తగిలి ఎడమ కన్ను పోయింది. అప్పటినుంచి ఎవరు ఫోటో తీయబోయినా కుడి అరచెయ్యి ముఖానికి అడ్డం పెట్టేది. "వద్దు బిడ్డా, తియ్యకు" అనేది. మా ఇంటి పెళ్లి ఆల్బమ్‌లన్నింట్లో ఆమె ఉంది, ఆమె ముఖం లేదు.

పోయినేడాది ఆమెకు పక్షవాతం వచ్చింది. కాళ్లూ చేతులూ, మాటా అన్నీ పడిపోయి మంచాన పడింది.

నేనప్పుడు ఇంటర్ చదువుతూ, ఫైన్ ఆర్ట్స్‌లో సీటు కోసం పెన్సిల్ డ్రాయింగ్ నేర్చుకుంటున్నాను. ప్రతి ఆదివారం రైలెక్కి వికారాబాద్‌లో ఒక సారు దగ్గరికి పోయేదాన్ని. ఆయనది ఒకటే మాట: "నీకు తెలిసింది గియ్యకు, కండ్లకు కనవడ్డది గియ్యి." ఒకే మనిషిని ఎదురుగా చూస్తూ పన్నెండుసార్లు గీసి తెమ్మన్నారు. మా ఇంట్లో ఎవరూ పది నిమిషాలు కుదురుగా కూర్చోరు. అత్తమ్మ ఒక్కతే కదలదు. వద్దని అనడానికి మాట కూడా లేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాకు సంతోషమే వేసింది.

రోజూ సాయంత్రం ఆమె తలను కిటికీ వైపు తిప్పేదాన్ని, ఆ కంటిగుంట మీద వెలుగు పడాలని. పెన్సిల్ చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి కొలతలు తీసేదాన్ని. డ్రాయింగ్ నేర్చుకునే వాళ్లంతా అలాగే తీస్తారు. ఒక కన్ను లేని మనిషి ముందు అలా కన్ను మూస్తే ఆమెకు ఎలా ఉంటుందో నాకు తట్టనేలేదు. ఆమె మంచి కంట్లోంచి నీళ్లు కారేవి. ఆ తడి మెరుపు కూడా గీశాను.

ఆరు బొమ్మలయ్యాక సారు వాటిని నేల మీద వరుసగా పరిచారు. ఆ పోయిన కన్ను చాలా బాగా వచ్చిందని మెచ్చుకున్నారు. తర్వాత, "మీ అత్త కదల్దన్నవ్ గదా?" అన్నారు.

మొదటి బొమ్మలో కుడిచెయ్యి దుప్పటి మీద ఉంది. మూడోదాంట్లో పొట్ట మీద. ఆరోదాంట్లో గడ్డం కింద. నేను చూసినప్పుడల్లా అది దుప్పటి మీదే ఉంది. కానీ గీతలు నావే, కొలతల కోసం పెట్టుకున్న చుక్కలూ నావే.

చేతికి బలం వస్తోందేమో, డాక్టర్‌కు చెప్పాలి అని ఎవరికైనా తోచాలి. తిరుగు రైల్లో నాకు తోచింది వేరే. ఇంకో జానెడు పైకొస్తే ముఖానికి అడ్డమొస్తుందని.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు అమ్మ బజారుకు పోగానే, నా పాత చున్నీ పేలికతో ఆ మణికట్టును మంచం పట్టెకు కట్టేశాను. అత్తమ్మ నన్నే చూసింది. నేను పెన్సిల్ చెక్కుకున్నాను.

గంటన్నర పాటు ముఖమే గీశాను, ఒట్టు. లేచి దూరం నుంచి చూస్తే కాగితం మీద ముఖానికి అడ్డంగా అరచెయ్యి. బొమ్మలోని ఆ మణికట్టు నుంచి ఊడిన పేలిక వేలాడుతోంది. తలెత్తి చూశాను. మంచానికి వేసిన ముడి వేసినట్టే ఉంది.

అయినా ఆపలేదు. మిగతా అయిదు రోజులూ కట్టి గీశాను. అన్నింట్లోనూ అరచెయ్యే. ఆ ఏడో బొమ్మనే ఫోటో తీసి కాలేజీకి పంపాను. సీటు వచ్చింది.

పన్నెండో బొమ్మ గీసిన వారంలోనే అత్తమ్మ పోయింది. స్నానం చేయించేటప్పుడు అమ్మ మణికట్టు మీది కమిలిన గీత చూసి "గిదేంది బిడ్డా?" అంది. "ఏమో" అన్నాను.

దినాలకు ఫోటో కావాలి. ఒక్కదాంట్లోనూ ముఖం లేదు. "నువ్వు గీసినవి ఉన్నయి గదా, ముఖం మంచిగ కనవడేది ఒకటియ్యి" అంది అమ్మ. మొదటి ఆరు తీశాను. వాటిలోనూ ముఖం లేదు. ఆరింట్లోనూ అరచెయ్యే. సారుకు ఫోన్ చేస్తే, "ఆ కన్ను నేను చూసిన గదమ్మా" అన్నారు. ఎలా జరిగిందో ఆయనకూ తెలియదు, ఈ రోజుకీ నాకూ తెలియదు.

అమ్మ పన్నెండూ ఒక్కొక్కటిగా చూసి, ఏడోది తీసుకుని ఫ్రేము కట్టించింది. వచ్చిన చుట్టాలు దండం పెట్టుకుని, దీవిస్తున్నట్టే ఉందంటారు. ఆ మణికట్టుకు వేలాడేది ఏమిటని అడుగుతారు. అమ్మ మాత్రం నన్ను ఏమీ అడగలేదు.